రొంపలో గురగుర కాదు, డొక్కలు చూడండి

ఎనిమిది నెలల బిడ్డకు మూడు రోజులుగా రొంప, దగ్గు, రాత్రిళ్లు గురగుర. కందుకూరు నుంచి ఒంగోలు తీసుకుపోవాలా, ఆగాలా అని అడిగారు.

గురగుర చాలాసార్లు ముక్కులో, గొంతులో నిలిచిన చీమిడి చప్పుడే. నిమోనియా సంగతి ఊపిరి వేగం చెబుతుంది. బిడ్డ నిద్రలోనో, ఏడవకుండానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం చూసి నాలుగుతో గుణిస్తే లెక్క తప్పుతుంది. పసిబిడ్డల ఊపిరి ఒక తీరుగా నడవదు. జ్వరంలో వేగం ఎటూ పెరుగుతుంది, అది దిగాక మళ్లీ చూడండి. నిమిషానికి ఇంత వస్తే వేగం ఎక్కువైనట్టు: రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40. మీ బిడ్డకు 50 గానీ ఆపైన గానీ వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి.

ఊపిరి పీల్చినప్పుడు కింది పక్కటెముకల దగ్గర గుంట పడుతుంటే, అదే డొక్కలెగరేయడం, ఇక లెక్కతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కినా, ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా, పెదాలు నీలమైనా 108కి ఫోన్ చేయండి. ముందు కందుకూరు ఏరియా ఆసుపత్రికే పోండి. ఆక్సిజన్ త్వరగా అందడం ముఖ్యం, ఒంగోలు రిమ్స్‌కో నెల్లూరు పెద్దాసుపత్రికో పంపాలంటే వాళ్లే పంపుతారు. రెండు నెలల లోపు బిడ్డయితే ఒట్టి జ్వరానికి కూడా ఆగకూడదు.

ఇవేవీ లేకుంటే ఇల్లే చాలు. ముక్కు మూసుకుంటే బిడ్డ చప్పరించలేదు. పాలకు ముందు సెలైన్ చుక్కలు వేసి, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పట్టండి. జ్వరానికి పారాసెటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు, అంటే 8 కిలోల బిడ్డకు 120. ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లు మించొద్దు. పొరపాటు జరిగేది సీసా దగ్గర. సిరప్ 5 ఎం.ఎల్.లో 120, 125, 250 అని రకాలున్నాయి. చుక్కల మందు ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉంటుంది, దాన్ని సిరప్‌లా 5 ఎం.ఎల్. పోస్తే నాలుగింతలు పడ్డట్టే. వంటింటి చెంచా వద్దు, సీసాతో వచ్చిన కొలత గొట్టం వాడండి.

ముక్కులో నూనె పోయొద్దు, ఎవరు చెప్పినా సరే. అది ఊపిరితిత్తుల్లోకి దిగి లేని నిమోనియా తెస్తుంది. ఏడాది లోపు తేనె, షాపులో అడిగి తెచ్చే దగ్గు సిరప్, కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ కూడా వద్దు. సాంబ్రాణి పొగ అసలే వద్దు.

జ్వరం లేని దగ్గు పది రోజులు, రెండు వారాల దాకా సాగడం మామూలే. రెండు వారాలు దాటితే మాత్రం క్షయ పరీక్ష గురించి అడగండి, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా దగ్గుతుంటే మరీనూ.