పాలమూరు వలసల మీద పరిశోధన మొదలుపెడుతున్న చెల్లెకు

చెల్లెకు,

నువ్వు పంపిన ప్రణాళిక చదివిన. ‘పాలమూరు వలసలు: ఒక అధ్యయనం’ అనేది పుస్తకం అట్ట మీదికి పనికొస్తది. పరిశోధనకు ప్రశ్న కావాలె. ఇట్ల అడిగి చూడు: భీమా ఎత్తిపోతల కాలువ నీళ్లు అందిన ఊర్లె బొంబాయి, పుణె పోయేటోళ్లు తగ్గిండ్రా? నీళ్లు అందని పక్క ఊరి కంటె ఎక్కువ తగ్గిండ్రా?

‘తగ్గిండ్రు’ అన్నది నీ ప్రతిపాదన అనుకుందం. ఊరికి పోకముందే, ఏం కనబడితే అది తప్పని ఒప్పుకుంటవో రాసి, కింద తేదీ వెయ్యి. నీళ్లొచ్చిన ఊర్లె కూడా భూమి లేని ఇండ్ల నుంచి మునుపటి లెక్కనే పోతున్నరనుకో, అప్పుడు కాలువ భూమి ఉన్నోళ్లనే ఆపిందన్నట్టు. అందుకే ఊరంతటినీ ఒక్క లెక్కల కలపకు. భూమి లేనోళ్లు, రెండున్నర ఎకరాల లోపు ఉన్నోళ్లు, అంతకు మించి ఉన్నోళ్లు అని ముందే విడగొట్టు.

‘వలస’ అంటే ఎన్ని రోజులో కూడా తేల్చుకో. జాతీయ నమూనా సర్వే 2007–08లో ఏడాదిల నెలకు తక్కువ గాకుండ, ఆరు నెలల లోపు పని కోసం బయట ఉన్నోళ్లను తాత్కాలిక వలస కింద లెక్కగట్టింది. దసరా ఎల్లినంక పోయి మిరుగుకు, అంటే జూన్‌ల తొలి వానలకు, తిరిగొచ్చేటోళ్లు ఎనిమిది నెలలు బయటనే ఉంటరు, ఆ లెక్కల పడరు. కాబట్టి అవును, కాదు అని టిక్కులు పెట్టకు. రోజుల సంఖ్య, పోయిన ఊరు, చేసిన పని రాయి. బొంబాయి మానేసి హైదరాబాద్‌ల సెంట్రింగ్ పనికి పోతున్నోడి వలస తగ్గినట్టు కాదు, దారి మారినట్టు.

ఎక్కువమంది బోల్తాపడేది సర్వే చేసే కాలం దగ్గర. జనవరిల పోతే తాళాలు, ముసలోళ్లు కనబడుతరు. పోయినోళ్ల గురించి పోనోళ్లను అడిగి వస్తవు. జూన్, జులైల విత్తనాలకు వచ్చినప్పుడు పో. అప్పటికీ తాళం ఉన్న ఇంటిని వదిలెయ్యకు. పక్కింటోళ్లు చెప్పింది వేరే గుర్తుతోని రాసుకో. తాళాలు వదిలేస్తే, ఎక్కువ పోయే ఇండ్లే నీ లెక్కల నుంచి జారిపోతయి.

కాగితాల సంగతి. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరిల మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్ల మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, ఉంది. అంటే వలస తగ్గడానికి కాలువ కాకుండ ఇంకో కారణం కూడా నీ ముందర ఉన్నట్టే. మస్టర్ రోల్స్, అంటే పనికొచ్చినోళ్ల హాజరు పట్టీలు, ఆన్‌లైన్‌ల దొరుకుతయి, కానీ మస్టర్ల పేరు ఉన్నంత మాత్రాన ఆ మనిషి ఆ వారం ఊర్లె ఉన్నట్టు కాదు. బడి హాజరు రిజిస్టర్ల నవంబర్ నుంచి మార్చి దాక వరుస గైర్హాజరు ఉన్న పిల్లలను చూడు. రెండూ ఒక్క తీరు చెప్తే నమ్మకం పెరుగుతది. పహాణీల, అంటే ఊరి భూముల రికార్డుల, తరి (నీటి భూమి), ఖుష్కి (మెట్ట భూమి) దొరుకుతయి గని కౌలు చేసే మనిషి చాలాసార్లు దొరకడు. కూలీలను పనికి తీస్కపోయే గుంపు మేస్త్రి అడ్వాన్సుల పుస్తకం చూపిస్తే అదృష్టమే. పేర్లు మాత్రం ఎక్కించుకోకు, అవి ఒకరి అప్పుల లెక్కలు.

2011 జనగణన పాత మహబూబ్‌నగర్ జిల్లాది, 64 మండలాలు. 2016 అక్టోబర్ 11న జిల్లా ముక్కలైంది, 2019 ఫిబ్రవరిల నారాయణపేట వేరైంది. నీ మక్తల్ ఇప్పుడు అక్కడ ఉంది. జిల్లా అంకెలు పక్కపక్కన పెట్టి ‘జనం తగ్గిండ్రు’ అని రాసినోళ్లు ఉన్నరు! మండలం, ఊరి స్థాయిలనే పోల్చు.

ఇగ వాదన. మాట వరసకు, కాలువ ఊర్లె పోయే ఇండ్లు నూటికి 40 నుంచి 20కి దిగినయి, కాలువ లేని ఊర్లె 40 నుంచి 30కి. కాలువ ఖాతాల వెయ్యదగ్గది 20 కాదు, 10. మిగిలిన 10 కాలువ లేకున్నా తగ్గినయి. కాలువ ఖాతాల వేసిన ఆ 10 కూడా, రెండు ఊర్లు ముందు నుంచి ఒక్క తీరుగ ఉంటెనే చెల్లుతది: భూమి లేనోళ్ల వంతు, బస్సు రోడ్డుకు దూరం, బోర్లు. వెనుకటి సంగతి అడిగేటప్పుడు ఏ సంవత్సరం అని అడగకు, ఎవరికీ యాదికుండదు. తెలంగాణ వచ్చినంకనా, లాక్‌డౌన్‌కు ముందా అని అడుగు. ఈ రెండు ఊర్ల లెక్కతోని పాలమూరంతా ఇట్లనే అని మాత్రం రాయకు.

ఊరికి 60 ఇండ్లు చాలు. ఇంటికి ముప్పావు గంట, దినానికి ఐదిండ్లు, మొత్తం 24 దినాలు. అంతకుముందు వేరే ఊర్లె ఎనిమిది ఇండ్లల్ల ప్రశ్నలు పరీక్షించు. అక్కడ తడబడ్డ ప్రశ్నను మార్చు, ఆ ఎనిమిది జవాబులు అసలు లెక్కల కలపకు.

ఆ రెండు ఊర్లనే ఎందుకు ఎంచుకున్నవో ఒక పేజీ, ఇరవై దాటని ప్రశ్నలు, ఆ తేదీ వేసిన కాగితం పంపు. ముందు ఆ కాగితమే చదువుత.

నీ అన్న