టెక్ సందేహాలు: ఫొటో తీసుకున్నా ఆ సౌండ్ మళ్లీ ఎందుకు రావడం లేదు?

ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకుడు: నా దగ్గర చిన్న మాడ్యులర్ సింథసైజర్ (విడివిడి మాడ్యూళ్లను తీగలతో కలిపి సౌండ్ తయారుచేసే వాద్యం) ఉంది. మంచి సౌండ్ కుదిరినప్పుడల్లా ప్యాచ్ కేబుళ్లు పీకే ముందు ఫోనుతో ఫొటో తీస్తున్నాను. నెల తర్వాత అది చూసి అన్నీ అలాగే కలిపినా ఆ సౌండ్ రావడం లేదు. దీనికి మంచి యాప్ ఏదైనా ఉందా?

ఈ ప్రశ్న పదే పదే వస్తోంది, అడిగే ప్రతి ఒక్కరూ యాప్ పేరే అడుగుతున్నారు. మీకు ముందు కావాల్సింది కాగితం. ఫొటోలో కేబుల్ కొస ఏ రంధ్రంలో ఉందో కనిపిస్తుంది. మధ్యలో అన్నీ కలిసి వేలాడే చోట ఏ నల్ల తీగ ఎటు వెళ్లిందో కనిపించదు. అందుకే ఒక్కో కేబుల్‌కు ఒక్కో వాక్యం రాయండి: ‘రెండో ఆసిలేటర్ (స్వరం పుట్టించే మాడ్యూల్) సాటూత్ అవుట్ నుంచి ఫిల్టర్ మొదటి ఇన్‌పుట్‌కు’. ఎప్పుడూ అవుట్‌పుట్ వైపు నుంచే మొదలుపెట్టండి. నాబ్‌లను గడియారం ముల్లులా చూసి ‘కటాఫ్ 2 గంటలు, రెసొనెన్స్ 10 గంటలు’ అని రాసుకోండి.

శ్రుతి దగ్గర మాత్రం ఈ పద్ధతి చాలదు. యూరోర్యాక్ అనే ప్రామాణిక సైజు మాడ్యూళ్లలో సాధారణంగా ఒక స్థాయికి (ఆక్టేవ్‌కు) ఒక వోల్టు లెక్క. అంటే ఒక స్వరస్థానానికి సుమారు 83 మిల్లీవోల్టులు. నాబ్ వెంట్రుకవాసి జరిగినా అపశ్రుతి వచ్చేస్తుంది, ఆ తేడాను ఏ కెమెరా పట్టుకోలేదు. కాబట్టి చెవికి వినిపించినదే రాయండి: ‘రెండో ఆసిలేటర్ మొదటిదానికి పంచమంలో’. ఆ ఒక్క మాట పది ఫొటోల కన్నా ఎక్కువ పనికొస్తుంది. అనలాగ్ ఆసిలేటర్లు వేడికి కదిలిపోతాయి కూడా. మే నెలలో ఏసీ లేని గదిలో కుదిర్చిన శ్రుతి డిసెంబరులో అలాగే ఉండదు. ఆన్ చేసి అరగంట ఆగి, ఆ తర్వాతే శ్రుతి చేయండి. డిజిటల్ మాడ్యూళ్ల మెనూలలో దాగిన విలువలను విడిగా రాసుకోవాలి. చివరగా ఒకే స్వరాన్ని కాసేపు నొక్కి పట్టి రికార్డు చేసి, ఆ ఫైలుకు, కాగితానికి ఒకే పేరు పెట్టండి. మళ్లీ కలిపినప్పుడు పోల్చి చూడటానికి ఆ రికార్డింగే ఆధారం.

మెమరీ ఉన్న సింథసైజర్‌ను ఫొటో తీసేవారికి మరో చిక్కు. దాచిన సౌండ్‌ను పిలిస్తే లోపలి విలువలు మారతాయి, చాలా పరికరాల్లో పైన నాబ్‌లు మాత్రం కదలవు. అప్పుడు తీసిన ఫొటో అబద్ధం చెబుతుంది.

గాజువాక నుంచి ఒక కీబోర్డు వాద్యకారుడు: పెళ్లిళ్లకు, ఉత్సవాలకు ఆర్కెస్ట్రాలో వాయిస్తాను. నాదస్వరం, వీణ, డోలు టోన్లున్న ప్యాక్ ఒకటి వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నా సెట్టింగులన్నీ బ్యాకప్ చేసే సదుపాయం కూడా అందులో ఉందట. ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపవచ్చా?

ఆపకండి. ఆ ఫైలును వెంటనే తొలగించండి.

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో నన్ను బాగా కలవరపెట్టింది ఇదే. సౌండ్ సెట్టింగులంటే కొన్ని అంకెలు, అంతే. 1983లో వచ్చిన యమహా డీఎక్స్7లో 32 సౌండ్ల బ్యాంకు మొత్తం కలిపి 4,104 బైట్లు. శాంపిళ్లు ఉన్న టోన్లు పెద్దవిగా ఉండొచ్చు. అయినా అవి కీబోర్డు చదువుకునే డేటా ఫైళ్లే, కంప్యూటర్‌లో నడవాల్సిన ప్రోగ్రాములు కావు. వీణ టోను కోసం యాంటీవైరస్‌ను ఆపాల్సిన అవసరం ఏ పరిస్థితిలోనూ రాదు.

ఇలాంటి ప్యాక్‌ల వెనక తరచూ దాగి ఉండేవి సమాచారం దొంగిలించే ప్రోగ్రాములు. అవి తెర మీద ఏమీ చూపించవు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను, లాగిన్ గుర్తులను ఎత్తుకుపోతాయి. మీరు అప్పటికే లాగిన్ అయి ఉన్నారు కాబట్టి ఆ గుర్తు చేతికి చిక్కినవాడికి చాలాసార్లు ఓటీపీ అవసరం కూడా ఉండదు. ఈమెయిల్ చేజారితే మిగతా ఖాతాలన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. ఆ ప్యాక్ ఉన్న పెన్‌డ్రైవ్ రేపు స్టూడియో కంప్యూటర్‌కు, ఎల్లుండి మరో ఆర్కెస్ట్రా వారి ల్యాప్‌టాప్‌కు వెళుతుంది. కీబోర్డుకు ఏమీ కాదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

ఇప్పటికే నడిపి ఉంటే నెట్ ఆపేయండి. వేరే పరికరం నుంచి ఈమెయిల్ పాస్‌వర్డు మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ల్యాప్‌టాప్‌ను ఫార్మాట్ చేయించాకే మళ్లీ వాడండి. మీ సెట్టింగులకు మాత్రం కీబోర్డులోనే ఉన్న సేవ్ సదుపాయంతో, ఇంకెవరికీ ఇవ్వని పెన్‌డ్రైవ్‌లో బ్యాకప్ తీసుకోండి.

వాద్యకారులు ఇలాంటి ఫైళ్ల వెంట పడటానికి తయారీదారుల నిర్లక్ష్యం కూడా కారణం. 1978లో ప్రాఫెట్-5 సింథసైజర్ 40 సౌండ్లను తనలోనే గుర్తు పెట్టుకుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా, మనం చేసుకున్న సౌండ్లను ఖాతా తెరిచి లాగిన్ అయితే తప్ప బయటికి ఇవ్వని పరికరాలు అమ్ముతున్నారు. రేపు ఆ సర్వరు ఆపేస్తే మన పని ఏమైపోవాలి? అప్‌డేట్ చేస్తే యూజర్ మెమరీ చెరిగిపోతుందన్న హెచ్చరికను ఎక్కడో ఆఖరి పేజీలో చిన్న అక్షరాల్లో పెట్టడం మరీ అన్యాయం. అప్‌డేట్ మొదలయ్యే ముందు పరికరమే ఆగి, బ్యాకప్ తీసుకున్నారా అని అడగాలి. కొనేముందు దుకాణంలోనే ఒక సౌండ్ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి తీసి చూపించమనండి. చూపించలేకపోతే కొనకండి.

పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు: మా నాన్నగారి పాత కీబోర్డు ఆన్ చేయగానే బ్యాటరీ అయిపోతోందని చూపిస్తోంది. కరెంటుతోనే నడుస్తుంది కదా, పట్టించుకోవాలా?

పట్టించుకోవాలమ్మా. కరెంటు ఆపాక సౌండ్ల మెమరీని నిలబెట్టేది లోపల ఉన్న ఆ చిన్న 3 వోల్టుల లిథియం బ్యాటరీయే. అది పూర్తిగా అయిపోతే ఆయన చేసుకున్న సౌండ్లన్నీ పోతాయి. మిడి కేబుల్‌తో (వాద్యాలను కంప్యూటర్‌కు కలిపే తీగతో) కంప్యూటర్‌కు కలిపి ముందు డంప్, అంటే లోపలి సౌండ్లన్నిటి కాపీ, తీయండి, ఆ ఫైలును తిరిగి ఎక్కించి ఒకసారి సరిచూసుకోండి. ఆ తర్వాతే రిపేరుకు ఇవ్వండి, ఎందుకంటే పాత బ్యాటరీ తీయగానే మెమరీ ఖాళీ అయిపోవచ్చు. చాలా పాత వాటిలో బ్యాటరీని బోర్డుకు సోల్డర్ చేసేవారు. ఈసారి హోల్డర్ పెట్టి బిగించమని చెప్పండి. విప్పినప్పుడే సముద్రపు గాలికి పచ్చగా చిలుము పట్టిన జాక్‌లు ఉంటే వాటినీ శుభ్రం చేయించండి.