తుంగ సందుల్లో గాలం: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆకేరులో నీళ్లు తగ్గి ఒడ్డంతా తుంగ, జమ్ము కమ్మేసింది. విసిరిన ప్రతిసారీ గాలం గడ్డికి పడుతోంది. జిలేబీ చేపలు కళ్లముందే తిరుగుతున్నా ఒక్కటీ చిక్కడం లేదు. (వర్ధన్నపేట పాఠకుడు)

జవాబు: ఇలాంటి ఒడ్డున గాలం విసరకూడదు, దించాలి. గడ్డి మధ్య అడుగు వెడల్పు ఖాళీ ఉంటే చాలు, జిలేబీ, పరక చేపలు అక్కడే మేస్తాయి. పది, పన్నెండు అడుగుల వెదురు కర్ర తీసుకుని, కొసన కట్టే తంగూసు (నైలాన్ దారం) నాలుగైదు అడుగులకు మించకుండా చూడండి. పావు మిల్లీమీటరు కంటే సన్నని తంగూసు జమ్ము మొదళ్లకు రాసుకుని తెగిపోతుంది. జిలేబీకి 8 లేదా 10 నంబరు గాలం, పరకలకు 14. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. ఎర్రను (వానపామును) తినేసి గాలాన్ని వదిలేస్తున్నాయంటే గాలం పెద్దదైందన్నమాట.

లోతు ముందే కొలవండి. గాలానికి బరువైన సీసం తగిలించి ఖాళీలోకి దించితే, బెండు (తంగూసుకు కట్టే తేలే ముక్క) మునిగితే దారం చాలలేదు, అడ్డంగా పడుకుంటే ఎక్కువైంది. బెండు కొస మాత్రమే పైకి కనిపించేలా సర్దాక, దాన్ని గాలం వైపు మూడంగుళాలు జరపండి. అప్పుడు ఎర బురదలో కూరుకోకుండా అడుగుకు కాస్త పైన నిలుస్తుంది. ఇక ఆ బరువు తీసేసి, బెండును నిలబెట్టేంత చిన్న సీసం గుండు గాలానికి నాలుగంగుళాల పైన నొక్కండి.

కనిపించే జిలేబీలు ఎందుకు తినవంటే, నీళ్లు వేడెక్కాక మగవి ఒడ్డు బురదలో గుండ్రటి గుంతలు తవ్వి కాపలా కాస్తాయి. ఆడవి గుడ్లను, పిల్లలను నోట్లో దాచుకుని మేత దాదాపు మానేస్తాయి. గుంతలోకి ఎర దించితే మగది ఆకలితో కాదు, అడ్డు తీయడానికి నోట కరిచి అవతల వదిలేస్తుంది. బెండు ఒక్కసారి అదిరి ఆగేది అందుకే. గుంతలను వదిలేసి, పది పన్నెండు అడుగుల అవతల నీడ పడే సందు చూసుకోవడం మేలు.

చేప పడగానే నిలువునా ఎత్తండి. పక్కకు గుంజితే తంగూసు మొదళ్లకు చుట్టుకుంటుంది. ఉత్త గాలమే గడ్డికి చిక్కితే గుంజొద్దు. కర్రను తిప్పుతూ తంగూసును కొసకు చుట్టుకుంటూ గాలం దాకా వెళ్లి, కర్రతో కిందికి నెట్టండి. చాలాసార్లు అలాగే ఊడుతుంది.

ప్రశ్న: మానేరు మడుగులో గుర్రపుడెక్క నిండి ఉంది. తెల్లవారకముందే వెళ్తున్నా, చేపలు పైన నోరు తెరుస్తున్నాయి తప్ప ఎర ముట్టడం లేదు. (మంథని పాఠకుడు)

జవాబు: అవి ఊపిరాడక అల్లాడుతున్నాయి. రాత్రంతా నీటిలోని మొక్కలు, నాచు, కుళ్లుతున్న ఆకులు ఆక్సిజన్‌ను వాడేస్తాయి, అది తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది. ఎండ పడి రెండు గంటలయ్యాక వెళ్లండి, లేదా డెక్క లేని పారే నీటి అంచు చూసుకోండి. ఎండలు ముదిరాక మాత్రం మధ్యాహ్నం వదిలేసి సాయంత్రం కూర్చోండి. మానేరులో దిగేముందు కర్రతో అడుగు తడమండి. ఇసుక తీసిన చోట మోకాలి లోతు నుంచి ఒక్కసారిగా నిలువు లోతు వస్తుంది. తుంగలో అడుగు పెట్టేముందు కర్రతో తట్టడం కూడా మరవొద్దు, అక్కడ పాములుంటాయి.

ప్రశ్న: పిండి ముద్ద నీళ్లలో పడగానే కరిగిపోతోంది.

జవాబు: నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. గుప్పెడు గోధుమపిండికి రెండు చెంచాల పల్లిపిండి కలిపి, నీళ్లు చిలకరిస్తూ గట్టిగా పిసకండి. చిటికెడు పత్తిని పోగులుగా విడదీసి అందులో కలిపితే ముద్ద గాలాన్ని పట్టుకుని ఉంటుంది. శనగ గింజంత ఉండ చాలు. గాలం మొన పూర్తిగా మునిగేలా పెట్టొద్దు, మొన బయటికి రాకపోతే చేప నోట్లో గుచ్చుకోదు.

ప్రశ్న: ఊరి చెరువులో గాలం వేయొచ్చా? కొర్రమీను పడితే?

జవాబు: చాలా చెరువుల్లో హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. ముందు వాళ్లనడగండి. పాఖాల లాంటి అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేయొద్దు. ఇక కొర్రమీను: గడ్డి దగ్గర ఎర్రటి పిల్లల గుంపు నీటిమీద కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టే. వాటిని పడితే ఆ పిల్లలను మిగతా చేపలు గంటల్లో తినేస్తాయి. పొరపాటున గాలానికి పడినా అక్కడికక్కడే వదిలేయండి.