పెద్దవాళ్లతో, పిల్లలతో లండన్‌లో దిగాక: ట్యూబా, బస్సా, టాక్సీయా?

మీరు అడిగింది ఇదీ: అత్తగారు, ఇద్దరు పిల్లలు, నాలుగు సూట్‌కేసులతో హీత్రూ ఎయిర్‌పోర్టులో దిగి హోటల్‌కి రైల్లో వెళ్లగలమా, టాక్సీ మాట్లాడుకోవాలా, తర్వాత ఊళ్లో ఎలా తిరగాలి అని.

వెళ్లగలరు. మేమూ ఇంచుమించు ఇలాగే వెళ్లాం. నేను, మావారు, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ, పన్నెండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. మీకు గట్టిగా చెప్పేది ఒకటే: లండన్‌లో దారి ఎంచుకునేటప్పుడు నిమిషాలు కాదు, మెట్లు లెక్క చూసుకోండి. ఫోన్లో మ్యాప్ ముందుగా చూపించే దారి చకచకా నడవగలిగేవాళ్లకి. మీ ఇంట్లో అందరికన్నా నెమ్మదిగా నడిచేది ఎవరో, ఆ మనిషికి సరిపోయే దారే మీ అందరి దారి.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, ట్యూబ్ అంటే 1863లో మొదలైన లండన్ భూగర్భ రైలు. 272 స్టేషన్లలో వీధి నుంచి ఒక్క మెట్టూ ఎక్కకుండా, దిగకుండా ప్లాట్‌ఫారం చేరగలిగినవి మూడో వంతుకు అటూ ఇటూ ఉంటాయి. ఎస్కలేటర్ ఉందిలే అనుకుంటే అది అయ్యాక ఇంకో పదో ఇరవయ్యో మెట్లు ఎదురవుతాయి. రస్సెల్ స్క్వేర్ చుట్టుపక్కల హోటళ్లు చాలా ఉన్నాయి, హీత్రూ నుంచి నేరుగా ట్యూబ్‌లో పికడిల్లీ లైన్ కూడా ఉంది, స్టేషన్లో లిఫ్టులూ ఉన్నాయి. కానీ లిఫ్టుకీ ప్లాట్‌ఫారానికీ మధ్య మళ్లీ మెట్లే. సూట్‌కేసులతో అక్కడ చాలా ఇబ్బంది. అదే లైన్లో ఎర్ల్స్ కోర్ట్, గ్రీన్ పార్క్, కింగ్స్ క్రాస్ స్టేషన్లలో పైదాకా లిఫ్టులున్నాయి. అందుకని హోటల్ బుక్ చేసే ముందే దగ్గరి స్టేషన్ ఏదో చూసి, ట్యూబ్ మ్యాప్‌లో దాని పక్కన వీల్‌చైర్ గుర్తు ఉందో లేదో చూడండి. నీలం రంగు వృత్తంలో తెల్ల గుర్తు ఉంటే వీధి నుంచి రైల్లోకి దాకా మెట్లు లేనట్టు. తెల్ల వృత్తంలో నీలం గుర్తయితే ప్లాట్‌ఫారం దాకా మాత్రమే; రైలెక్కేచోట ఎత్తో, సందో ఉంటుంది. టీఎఫ్ఎల్ గో అనే ఉచిత యాప్‌లో మెట్లు లేని స్టేషన్లు మాత్రమే చూపించే మ్యాప్ ఉంది. మా అమ్మతో ఉన్నన్నాళ్లూ నేను అదే తెరిచి పెట్టుకున్నాను.

ఇక హీత్రూ నుంచి. మీలాంటి కుటుంబానికి నా ఓటు ఎలిజబెత్ లైన్ అనే రైలుకి. 2022లో మొదలైంది, ఏసీ ఉంది, రైలు పెట్టెలు విశాలం, దాని స్టేషన్లన్నిటిలోనూ మెట్లు లేని దారి ఉంది. ఊళ్లోని పాడింగ్టన్ స్టేషన్‌కి సుమారు అరగంట. రైలు మారకుండా బాండ్ స్ట్రీట్, టోటెన్‌హామ్ కోర్ట్ రోడ్ దాకా కూడా వెళ్లిపోవచ్చు. పికడిల్లీ లైన్ టికెట్ దీనికన్నా చవక, కానీ నెమ్మది, పెట్టెలు ఇరుకు. హీత్రూ ఎక్స్‌ప్రెస్ పావుగంటలో పాడింగ్టన్ చేరుస్తుంది గాని, అక్కడితో ఆగిపోతుంది. నలుగురైదుగురికి ఆ ఖర్చు దండగ అనిపించింది నాకు. రాత్రి బాగా పొద్దుపోయాక దిగుతుంటే మాత్రం రెండో ఆలోచన లేకుండా టాక్సీ ఎక్కండి. పొద్దున దిగితే ఇంకో మాట. సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు ఆఫీసుల రద్దీ. మేం ఎయిర్‌పోర్టులోనే టిఫిన్ కానిచ్చి, ముఖాలు కడుక్కుని, రద్దీ తగ్గాక కదిలాం. అందరికీ కూర్చోవడానికి చోటు దొరికింది.

టికెట్ల సంగతి. కౌంటర్ దగ్గర నిలబడనక్కర్లేదు. కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ కార్డు ఏదైనా గేటు దగ్గర తాకిస్తే చాలు. అయితే మన బ్యాంకు కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. పెద్దవాళ్లలో ఒక్కొక్కరికి ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లడం కుదరదు. ఎక్కేటప్పుడు ఏది తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి. కార్డు, ఆ కార్డే పెట్టుకున్న ఫోను, ఈ రెంటినీ అక్కడ వేర్వేరుగా లెక్కిస్తారు. లోపలికి ఒకటి, బయటికి ఇంకోటి అయితే ఎక్కువ డబ్బు కోస్తారు. రోజుకు ఇంత అని ఒక పరిమితి ఉంది, అది దాటాక ఆ రోజంతా ఎంత తిరిగినా అంతే.

మీ అత్తగారికి విదేశాల్లో పనిచేసే కార్డు లేకపోతే ఓయిస్టర్ కార్డు, అంటే ముందే డబ్బు వేసుకుని లండన్ రైళ్లలో, బస్సుల్లో తాకించే కార్డు, కొనండి. పిల్లల్లో 11 ఏళ్లలోపు వాళ్లకి, పెద్దవాళ్లతో ఉంటే ట్యూబ్, ఎలిజబెత్ లైన్ ఉచితం. 11 నుంచి 15 ఏళ్ల పిల్లలకి ఓయిస్టర్ కార్డు కొని, స్టేషన్ సిబ్బందిని అడిగితే యంగ్ విజిటర్ రాయితీ ఎక్కిస్తారు. 14 రోజులదాకా సగం ఛార్జీయే. మా పాపకి అలాగే చేయించాం. ఇది అడిగితేనే ఇస్తారు, కాబట్టి ఎయిర్‌పోర్ట్ స్టేషన్లోనే అడగండి. గేట్ల వరసలో వెడల్పాటిది ఒకటి ఉంటుంది. సూట్‌కేసులతో, చిన్నపిల్లలతో అందులోంచి వెళ్లండి.

ఊళ్లో తిరగడానికి మాత్రం నేను బస్సే అంటాను, ఎవరేమన్నా సరే. కిందకి దిగడం, పైకెక్కడం, సొరంగాల్లో మైలు నడవడం ఏమీ లేదు. బస్సు నేలమట్టానికి దగ్గరగా ఉంటుంది, మా అమ్మ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కగలిగింది. డబ్బులు తీసుకోరు, ముందు తలుపు దగ్గర కార్డు తాకించాలి. దిగేటప్పుడు తాకించక్కర్లేదు. మేం వెళ్లినప్పుడు ఛార్జీ 1.75 పౌండ్లు, మొదటిసారి తాకించిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ తీసుకోరు. పిల్లలకి ఉచితమా కాదా అన్నదానికి ఇక్కడా ఆ 11 ఏళ్ల లెక్కే. తర్వాతి స్టాపు పేరు తెర మీద వస్తుంది, పైకి చదువుతారు కూడా. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి 15వ నంబరు ఎక్కితే సెయింట్ పాల్స్ కెథడ్రల్ మీదుగా టవర్ ఆఫ్ లండన్‌కి తీసుకెళ్తుంది. పిల్లలిద్దరూ వాళ్ల నాన్నతో మేడ మీద ముందు సీట్లకి పరుగెత్తారు, అమ్మా నేనూ కింద కూర్చున్నాం. విడిగా టూరిస్టు బస్సుకి డబ్బు పెట్టాలని ఆ తర్వాత మాకు అనిపించలేదు. ట్రాఫిక్‌లో ఆలస్యమవుతుంది, నిజమే. ఆలస్యమైతే ఏం, కూర్చునే కదా చూస్తున్నాం.

ట్యూబ్ ఎక్కాల్సి వస్తే ఎస్కలేటర్ మీద కుడిపక్క నిలబడండి, ఎడమపక్క నడిచేవాళ్లది. తలుపుల దగ్గర పెద్దవాళ్లకి కేటాయించిన సీట్లున్నాయి. మొహమాటపడకుండా అడగండి, లేచి ఇస్తారు. ఎక్కే ముందు ఇంట్లో అందరూ ఒక మాట అనుకోండి: తలుపులు మూసుకుని ఎవరైనా విడిపోతే, రైల్లో ఉన్నవాళ్లు తర్వాతి స్టేషన్లో దిగి ప్లాట్‌ఫారం మీదే కదలకుండా ఉండాలి, మిగిలినవాళ్లు తర్వాతి రైల్లో వస్తారు. ఫోన్ సిగ్నల్ లేకపోయినా ఈ పద్ధతి పనిచేస్తుంది. మా బాబు చేత రోజూ ఇది అప్పజెప్పించేదాన్ని. మీ అత్తగారికి కూడా చెప్పి, హోటల్ పేరు, అడ్రసు, మీ నంబరు రాసిన కాగితం ఆవిడ చేతిసంచిలో పెట్టండి.

తిరుగు ప్రయాణంలో మీ విమానం ఏ టెర్మినల్ నుంచో చూసుకుని రైలెక్కండి. హీత్రూకి వెళ్లే రైళ్లన్నీ అన్ని టెర్మినల్స్‌కీ వెళ్లవు. 4కి వెళ్లేవి వేరు, 5కి వెళ్లేవి వేరు. 2, 3 టెర్మినల్స్‌కి ఒకటే స్టేషన్. ఒకవేళ వేరే టెర్మినల్లో దిగాల్సి వచ్చినా, ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి రైలు ఉచితమే.