ఎర్రదారం కట్టిన తాళంచెవి

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, ఇది జార్జియా దేశం వెళ్తుందట, మూతబడ్డ హోటళ్ళు చూడ్డానికి. అచ్చం నీ పోలికే. నా మాట వినదు, నువ్వే చెప్పు" అంది. ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. గర్వంగా అనిపించలేదంటే అబద్ధమే అవుతుంది. నీకు ఎనిమిదేళ్ళప్పుడు నా ఫోటోల పెట్టె ముందేసుకుని, నీళ్ళు లేని ఈతకొలను చుట్టూ నేలలోంచి ఫెర్న్ మొక్కలు మొలిచిన బొమ్మ ఒకటి పట్టుకుని కూర్చున్నావు. "ఈ ఈదేవాళ్ళంతా ఎటు పోయారు పెద్దమ్మా?" అని అడిగావు. ఆ పిల్ల ఎప్పుడో ఒకప్పుడు బయల్దేరుతుందని నాకు ఆ రోజే అనిపించింది.

భయం కూడా అంతే ఉంది. ఫోన్లో చెప్తే "సరే పెద్దమ్మా, సరే" అంటావు, నేనూ అక్కడితో ఆగిపోతాను. అందుకే రాస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

అందరూ చెప్పేవి ముందు చెప్పేస్తాను. ఒంటరిగా వెళ్ళొద్దు. యజమాని ఎవరో కనుక్కుని అనుమతి అడుగు. కిటికీలు పగిలినంత మాత్రాన, గోడ కూలినంత మాత్రాన ఆస్తి ఎవరిదీ కాకుండా పోదు. మందపాటి అట్టలున్న బూట్లు వేసుకో. మనిషికి రెండు టార్చీలుండాలి. పాత పైపులకి చుట్టిన తెల్లటి పొర ఆస్బెస్టాస్ అనే రాతినార కావచ్చు, దాని జబ్బు 20, 30 ఏళ్ళ తర్వాత బయటపడుతుంది. కాబట్టి ఇవాళ దగ్గు రాలేదని ధీమా పడకు. గుడ్డ మాస్కు పనికిరాదు, సన్నటి ధూళిని ఆపే పీ100 రకం ఫిల్టర్లున్నది కొనుక్కో. ఎలుకల పెంటికలు, గబ్బిలాల రెట్ట ఉన్నచోట దుమ్ము లేపకు. నేలమాళిగలో నీళ్ళు నిలిచి ఉంటే ఒక్క మెట్టు కూడా దిగకు. లిఫ్టు తలుపు తెరిచి ఉన్న వైపు పోకు.

ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. నా భయం వీటి గురించి కాదు.

ఆ హోటల్ పేరు నీకు చెప్పను, ఇప్పుడది లేదు కూడా. కొండవాలు మీద మూడంతస్తుల చెక్క భవనం. మేం వెళ్ళేనాటికి మూతబడి పదకొండేళ్ళయింది. నేనూ, నా స్నేహితుడూ, అంతే. అతన్ని నువ్వు చూశావు. నా దగ్గరికి వచ్చినప్పుడు మెట్లు దిగేటప్పుడు కుడికాలే ముందు వేస్తాడు చూడు, ఆయనే.

రిసెప్షన్ బల్ల వెనక గోడకి తాళాల బోర్డు ఉంది. అంతస్తుకో వరస, గదికో కొక్కెం. ప్రతి తాళంచెవికీ కోడిగుడ్డు ఆకారంలో ఇత్తడి బిళ్ళ, దాని మీద గది నంబరు. అంకెల గాడుల్లో దుమ్ము పేరుకుని నల్లగా కనిపిస్తున్నాయి. అన్నేళ్ళుగా ఒక్కటీ ఎవరూ ముట్టుకోలేదు. మూడింటికి మాత్రం ఎర్ర ఉన్నిదారం కట్టి ఉంది, రెండేసి ముళ్ళు వేసి. 114, 214, 314. ఆ దుమ్ములో, ఆ బూడిదరంగులో ఆ ఎరుపు ఎంత బాగుందో చెప్పలేను. ముందు ఫోటో తీశాను. తర్వాత చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"పెట్టెయ్" అన్నాడు అతను.

"ఒక్కటే కదా" అన్నాను.

214 కొక్కెం మీంచి తీశాక, బిళ్ళ ఉన్నచోట చెక్క మీద చిన్న మరక మిగిలింది. మరక అనకూడదు, అదొక్కటే శుభ్రంగా ఉన్న చోటు. బిళ్ళ ఎంత ఉందో అంత మేర పాత పాలిష్ తేనెరంగులో మెరుస్తూ ఉండిపోయింది. దాన్ని నేను చూశాను. చూసి కూడా జేబులో వేసుకున్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. తాళంచెవి చేతికొచ్చాక తలుపు తెరవాలనిపిస్తుంది కదా. రెండో అంతస్తుకెళ్ళి పెట్టి తిప్పితే తిరిగింది. పదకొండేళ్ళు తెరవని తాళం నా చేతిలో తిరిగినప్పుడు నాకు కలిగిన సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. లోపల తెరలు వేసి ఉన్నాయి, చీకటి. తివాచీ ఎక్కడా చిరగలేదు, మడత లేదు. అతను నా పక్కనుంచి ముందుకెళ్ళాడు. రెండే అడుగులు. చెక్క విరిగితే చప్పుడు వస్తుందనుకుంటాం. ఆ చప్పుడు కూడా రాలేదు, తడిసిన అట్ట చిరిగినట్టు ఒక మెత్తని శబ్దం. తొడ దాకా దిగిపోయాడు. కింద దూలాల మధ్య ఎముక విరిగింది.

మేం ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికీ చెప్పలేదు. సిగ్నల్ లేదు. అతన్ని అలాగే వదిలి రోడ్డు దాకా పరిగెత్తి మనుషుల్ని తీసుకొచ్చేసరికి దాదాపు రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ అతను ఆ చీకట్లో, ఆ రంధ్రంలో ఒక్కడే ఉన్నాడు. వచ్చినవాళ్ళలో ఒకాయన, "తాళం వేసిన గదిలోకి ఎలా వెళ్ళారు?" అనడిగాడు. నేను "తలుపు తెరిచే ఉంది" అన్నాను. జేబులో నా గుప్పిట్లో తాళంచెవి ఉంది. అతను స్ట్రెచర్ మీంచి నా వైపు చూసి, కళ్ళు మూసుకుని ఊరుకున్నాడు. నా అబద్ధాన్ని అతను కాపాడాడు తల్లీ, విరిగిన కాలుతో.

ఫిల్ము కడిగించాక ఆ బోర్డు ఫోటో బల్ల మీద పెట్టుకుని చూస్తుంటే అప్పుడు అర్థమైంది. 114, 214, 314 ఒకదాని మీద ఒకటి ఉన్న గదులు. మూడు స్నానాలగదులకీ నీళ్ళ పైపు ఒకటే. అది ఎప్పటినుంచో కారుతోంది. హోటల్ నడుస్తున్న రోజుల్లోనే అక్కడ పనిచేసేవాళ్ళెవరో ఆ మూడూ ఎవరికీ ఇవ్వకూడదని గుర్తుగా దారం కట్టారు. రెండు ముళ్ళు వేశారంటే జారిపోకూడదని ఎంత జాగ్రత్త పడ్డారో చూడు. పదకొండేళ్ళుగా ఆ దారం అదే మాట చెప్తూ ఉంది. నేను దాన్ని అందంగా ఉందని తీసుకున్నాను, ఏం చెప్తోందో చదవలేదు.

అందుకే నీకు చెప్పేది. అక్కడి వస్తువు ఏదైనా, ఉన్నచోట ఉన్నంతవరకే దానికి అర్థం. ఏ కొక్కెం, ఏ వరస, పక్కన ఏముంది, దుమ్ము ఎంత ఉంది, ఇవన్నీ కలిస్తేనే అది మాట్లాడుతుంది. నీ గదిలో షెల్ఫు మీదికి వచ్చాక అది ఉత్త ఇత్తడి ముక్క. అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అని ఒక జాతీయ పార్కు ఉంది, చెట్లు రాళ్ళయిపోయిన చోటు. అక్కడ ముక్కలు జేబులో వేసుకుపోయినవాళ్ళు ఏళ్ళ తర్వాత క్షమాపణ ఉత్తరాలతో పోస్టులో తిప్పి పంపుతుంటారు. ఏ రాయి ఏ చోటిదో తెలియదు గనక పార్కువాళ్ళు వాటిని తిరిగి యథాస్థానంలో పెట్టలేరు. ఒకచోట కుప్ప పోస్తారు. దానికి మనస్సాక్షి కుప్ప అని పేరు. అది చదివిన రోజు నేను అన్నం తినలేదు.

"ఎలాగూ కూలగొట్టేదే కదా, చెత్తలో పోయేబదులు నా దగ్గరుంటే ఏం?" అని నీతో వచ్చేవాళ్ళు అంటారు. నేనూ అన్నాను. చిన్నప్పుడు నువ్వు చూసిన ఆ ఈతకొలను గ్రాసింజర్స్‌ది, న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్స్ కొండల్లో. 1952లో కృత్రిమ మంచు కురిపించి పేరు తెచ్చుకున్న రిసార్టు. 1986లో మూతబడింది, 2018లో నిజంగానే కూలగొట్టారు. అయినా ఆ వాదన నిలవదు. కూలగొట్టేది యజమాని, నువ్వు కాదు. పోర్చుగల్‌కి చెందిన అజోర్స్ దీవుల్లో మోంటే ప్యాలెస్ అని ఇంకొక హోటల్ ఉంది. 1989లో తెరిచారు, 1990లో మూసేశారు. కాపలా ఉన్నన్నాళ్ళూ బాగానే ఉంది, కాపలా పోయాక గోడలు తప్ప ఏమీ మిగల్లేదు. అంతా ఒక్కడే ఎత్తుకుపోయాడా? ఒక్కొక్కరూ "ఒక్కటే కదా" అన్నవాళ్ళే. నేను తీసిన చోట మిగిలిన ఆ శుభ్రమైన గుర్తు చూసి, తర్వాత వచ్చినవాడు పక్కది తీస్తాడు.

నిజంగా కాపాడాల్సినది కనిపిస్తే, అంటే అతిథుల పుస్తకమో, ఫోటోల ఆల్బమో అయితే, ఉన్నచోటే ఫోటో తీసి యజమానికో దగ్గర్లోని మ్యూజియానికో చెప్పు. అందులో పేర్లూ చిరునామాలూ ఉంటే నెట్లో పెట్టకు. ఇంకొకటి, దీని మీద నాకు చాలా కోపం. ఫోటో బాగా రావాలని ఎక్కడిదో బొమ్మ తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళున్నారు. దాన్ని నేను దొంగతనంతో సమానంగానే చూస్తాను. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

ఇక జార్జియాలో నువ్వు వెళ్ళే త్స్కల్టుబో పట్టణం సంగతి. సోవియట్ రోజుల్లో మాస్కో నుంచి నేరుగా రైళ్ళు వచ్చేవి అక్కడికి, వేడినీటి స్నానాల కోసం. పెద్ద పెద్ద స్తంభాల శానటోరియాలు, అంటే ఆరోగ్యం కోసం వచ్చి ఉండే విశ్రాంతి భవనాలు, చూసి నీకు మతి పోతుంది. కానీ 1992, 93లో జార్జియా నుంచి విడిపోవాలనుకున్న అబ్‌ఖాజియా ప్రాంతంలో జరిగిన యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళని ఆ గదుల్లోనే ఉంచారు. కొన్నేళ్ళనుకున్నది కొన్ని దశాబ్దాలైంది. నేను వెళ్ళినప్పుడు ఒక వసారాలో పెచ్చులూడిన గోడలూ, విరిగిన తలుపులూ ఫోటోలు తీసుకుంటూ పోతున్నాను. చివరి తలుపు ముందు కాళ్ళు తుడుచుకునే గుడ్డ, దాని మీద తడి చెప్పుల జత. లోపల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. కెమెరా దించి, వచ్చిన దారినే వెనక్కి నడిచాను. పాడుబడ్డదని నువ్వు అనుకున్న గది ఇంకొకరి ఇల్లు కావచ్చు. తలుపు వేసి ఉంటే తలుపు వేసి ఉన్నట్టే. తాళం ఉంటే, దానికి తాళంచెవి నీ చేతిలోనే ఉన్నా, తెరవకు. సైప్రస్‌లో వరోషా గురించి కూడా చదువుకో. 1974లో యుద్ధం వచ్చి జనం వదిలిపోయిన సముద్రతీరపు హోటళ్ళ పట్టణం, 2020లో కొంత భాగం తెరిచారు. ఆ ఇళ్ళవాళ్ళు చాలామంది ఇంకా బతికే ఉన్నారు, ఇంకా ఎదురుచూస్తున్నారు.

నాలుగేళ్ళ తర్వాత ఆ తాళంచెవి తిరిగి పెట్టేద్దామని వెళ్ళాను. భవనం లేదు. చదును చేసిన నేల మీద మోకాలెత్తు గడ్డి. పెట్టడానికి కొక్కెం లేదు, చెప్పుకోవడానికి మనిషి లేడు. గడ్డిలో విసిరేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు. ఇప్పటికీ నా బీరువాలో ఉంది, దారం రంగు వెలిసింది. ముడి మాత్రం విప్పలేదు.

అడుగు వేసేముందు పైకప్పు చూడు. పైన మరక ఉంటే కింద నేల మీద నమ్మకం పెట్టుకోకు, తివాచీ ఎంత బాగున్నా సరే. ముందు కాలితో నొక్కి చూసి, గోడవారగా నడువు. ఏ రోజు ఏ భవనం, ఎన్నింటికి లోపలికి, ఎన్నింటికి బయటికి, ఇవి రాసి నాకు పంపు. బయటికి రాగానే ఒక్క మెసేజ్ చాలు. ఎంత రాత్రయినా మొహమాటపడకు, నేను మేలుకునే ఉంటాను.

ఈ తాళంచెవి కథ మీ అమ్మకి ఇన్నేళ్ళలో చెప్పలేదు. కాలు మెట్ల మీద జారి విరిగిందనే అనుకుంటోంది. ఈ ఉత్తరం దానికి చూపించు తల్లీ.

మీ పెద్దమ్మ