ప్రపంచీకరణతో అవినీతి పెరిగిందా, తగ్గిందా?

ప్రపంచీకరణ వచ్చాక వర్ధమాన దేశాల్లో అవినీతి పెరిగిందా, తగ్గిందా అని అడిగారు. ఒక బహుళజాతి కంపెనీ శాఖలో పన్నెండేళ్లు దిగుమతుల కాగితాలు చూసినవాడిగా నా జవాబు: కౌంటర్ దగ్గర తగ్గింది. మన కంటికి ఆననంత దూరంలో పెరిగింది.

ముందు తగ్గిన సంగతి. నేను చేరిన కొత్తలో ప్రతి కంటైనర్ ఫైలూ కస్టమ్స్‌లో నాలుగైదు చేతులు మారేది. ఎవరూ నోరు తెరిచి అడిగేవారు కాదు. ఫైలు కదిలేది కాదు, అంతే. సరుకు రేవులో ఆగినందుకు రోజుకింత అని డెమరేజ్ పడుతుంటే మాకు టెన్షన్. సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు "రేపటికి అయిపోతుంది సార్" అనేవాడు, అయిపోయేది. అతని బిల్లులో "ఇతర ఖర్చులు" అని ఒక లైను ఉండేది. ఆ బిల్లులు పాస్ చేసింది నేనే. ఆన్‌లైన్ ఫైలింగ్ వచ్చి, అనుమానం ఉన్న సరుకునే తెరిచి చూసే పద్ధతి మొదలయ్యాక ఆ లైను చిక్కిపోయింది. అంతకుముందు సంగతి సీనియర్లు చెప్పేవారు, దిగుమతి లైసెన్సు చేతిలో ఉంటే అదే ఒక ఆస్తి అని. ఇంతకు మించి తేకూడదనే కోటా, దాంతో పాటు లైసెన్సూ ఎత్తేశాక అధికారికి అమ్ముకోవడానికి ఏం మిగులుతుంది? ఆ లైసెన్సుల కోసం జరిగే పాకులాటలోనే దేశాదాయం ఎంతో వృథా అవుతుందని ఆన్ క్రూగర్ అనే ఆర్థికవేత్త 1974లోనే లెక్కగట్టి చూపింది.

ఇక పెరిగిన సంగతి. మనం ఎప్పుడూ పుచ్చుకున్నవాడినే తిడతాం. మరి ఇచ్చినవాడు? విదేశీ అధికారులకు లంచమివ్వడం నేరమని అమెరికా 1977లోనే చట్టం చేసింది. జర్మనీ కంపెనీలు మాత్రం 1999 దాకా అలాంటి లంచాన్ని వ్యాపార ఖర్చు కింద చూపి పన్ను తగ్గించుకోగలిగేవి (మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు). 2008లో జర్మనీ కంపెనీ సీమెన్స్ లంచాల కేసుల్లో అమెరికాకు, జర్మనీకి కలిపి దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టాల్సొచ్చింది. అలాగని ఇది ధనిక దేశాల కంపెనీల జబ్బే అనుకోకండి. బ్రెజిల్ నిర్మాణ సంస్థ ఓడెబ్రెక్ట్ లంచాల కోసం ఏకంగా ఒక విభాగమే నడిపింది. 12 దేశాల్లో దాదాపు 78.8 కోట్ల డాలర్లు పంచింది.

దాచుకోవడం మరీ సులువైంది. ఒకప్పుడు తిన్న సొమ్ము ఇంట్లోనో, బంధువుల పేరు మీదో ఉండేది, చుట్టుపక్కల వాళ్లకి తెలిసిపోయేది. మలేషియా ప్రభుత్వ నిధి వన్ ఎండీబీ నుంచి మళ్లించిన 450 కోట్ల డాలర్లకు పైగా సొమ్ము దేశదేశాల బ్యాంకు ఖాతాలు తిరిగింది. అందులో కొంత అమెరికాలో ఖరీదైన ఇళ్లుగా తేలింది.

అయితే దర్యాప్తు కూడా సరిహద్దులు దాటింది, అది ఒప్పుకోవాలి. 2016 డిసెంబరులో ఓడెబ్రెక్ట్ అమెరికా కోర్టులో నేరం ఒప్పుకున్నాక లాటిన్ అమెరికా అంతటా కేసులు కదిలాయి. పెరూ మాజీ అధ్యక్షుడు అలెహాండ్రో టోలెడోకు 2024లో ఇరవయ్యేళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

మా ఆఫీసులో మార్పు తెచ్చింది బ్రిటన్ లంచాల నిరోధక చట్టం. 2010లో చేశారు, మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. కంపెనీ తరఫున పనిచేసే ఏజెంటు లంచమిచ్చినా, దాన్ని ఆపేందుకు తగిన ఏర్పాట్లు చేశామని చూపించలేకపోతే కంపెనీదే తప్పు. అప్పటిదాకా "మేం ఇవ్వలేదు, ఏజెంటు సంగతి మాకు తెలియదు" అంటే సరిపోయేది. హెడ్ ఆఫీసుకు అక్కడ కూడా వ్యాపారం ఉండటంతో కొత్త ఫారం పంపారు, ఏజెంటుకిచ్చే ప్రతి పైసా దేనికో రాయాలని. మా పాత ఏజెంటు ఫారం చదివి, నవ్వి, సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి కంటైనర్ పదకొండు రోజులు రేవులోనే ఉంది. డెమరేజ్ అతను అడిగేదానికన్నా ఎక్కువైంది. హెడ్ ఆఫీసు మారుమాట లేకుండా కట్టింది, దానికి రసీదు ఉంది కాబట్టి.