న్యాయ సందేహాలు: మనం లేనప్పుడు డిక్రీ అయిపోతే

ప్రశ్న: మాది రాజాం దగ్గర పల్లె. పనికోసం చెన్నైలో ఉంటున్నాను. ప్రోనోటు దావాలో నా మీద ఎక్స్‌పార్టీ డిక్రీ (నేను హాజరు కాకుండానే ఇచ్చిన డిక్రీ) అయిందని ఈ.పీ. (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు వచ్చాకే తెలిసింది. అప్పీలు వేయాలా?
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: అప్పీలుకు తొందరపడకండి. డిక్రీ ఇచ్చిన కోర్టులోనే సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 9 రూల్ 13 కింద దాన్ని రద్దు చేయమని ఐ.ఏ. (దావాలో వేసే మధ్యంతర పిటిషన్) వేయండి. ముందు అప్పీలుకెళ్లి అది కొట్టేస్తే ఈ దారి మూసుకుపోతుంది.

గడువు 30 రోజులు. సమన్లు సరిగా అంది ఉంటే డిక్రీ తేదీ నుంచి, అందకపోతే మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. సమన్లకు బదులు పేపర్లో ప్రకటన వేయించి ఉంటే, ఈ గడువు లెక్కకు అది సరిగా అందినట్టు కాదు. కాబట్టి మీ వకీలు గారితో ముందు కేసు కట్ట చూపించండి. సమన్ల వెనక ప్రాసెస్ సర్వర్ (సమన్లు అందించే కోర్టు ఉద్యోగి) ఏం రాశాడన్నదే ముఖ్యం: ‘తలుపు తాళం’ అనా, ‘తీసుకోనన్నారు’ అనా, ఇంట్లో ఎవరైనా సంతకం పెట్టారా?

అఫిడవిట్‌కు ఆ తేదీల్లో మీరు చెన్నైలో ఉన్నట్టు జీతం స్లిప్పులు, అద్దె అగ్రిమెంటు జతచేయండి. పచ్చకామెర్లు వచ్చాయన్న సర్టిఫికెట్ మాత్రం వద్దు. ఆ జబ్బు కోర్టుల్లో వచ్చినంతగా ఆసుపత్రుల్లో రాదు. 30 రోజులు దాటితే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆలస్యం మన్నించమని ఇంకో ఐ.ఏ. తప్పదు. డిక్రీ నకలు వచ్చేదాకా ఆగకండి. నకలుకు పట్టిన రోజులు అప్పీలుకు, రివ్యూకు (తీర్పును అదే కోర్టు మళ్లీ చూడమని అడగడం) మినహాయిస్తారు గానీ ఈ పిటిషన్‌కు కాదు.

పిటిషన్ వేసినంత మాత్రాన ఈ.పీ. ఆగదు, స్టేకి విడిగా అడగాలి. కోర్టు ఖర్చులు కట్టమనవచ్చు, కొంత సొమ్ము డిపాజిట్ చేయమనవచ్చు. రద్దు పిటిషన్‌ను కొట్టేస్తే దాని మీద సి.ఎం.ఏ. (ఇలాంటి ఉత్తర్వుల మీద వేసే అప్పీలు) ఉంది; జిల్లా కోర్టులో అయితే 30 రోజుల్లో వేయాలి.

ప్రశ్న: మా భూమి దావా డిక్రీలో సర్వే నంబరు ఒక అంకె తప్పు పడింది. రివ్యూ వేయాలా?
– టెక్కలి పాఠకురాలు

జవాబు: అక్కర్లేదమ్మా. సెక్షన్ 152 కింద సవరణ పిటిషన్ చాలు, దానికి గడువు లేదు. అయితే మీ దావా షెడ్యూల్ (దావాలో భూమి వివరాలు రాసిన పట్టిక) తీసి చూడండి. అందులో సరిగా ఉండి డిక్రీలో తప్పితేనే ఇది సులువు. షెడ్యూల్లోనే తప్పుంటే ముందు దాన్ని సవరించమని అడగాలి, అవతలివాళ్లు ఊరుకోకపోవచ్చు.